ఇరవై ఏడో నంబరు గురక

పరుపుల కంపెనీలో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చునే ఆమెను అందరూ మెల్లమ్మ అనేవారు. అది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. ఆమె ఎదురుగా నిలబడి ఏదైనా చెబితే వినడానికి అవతలివాళ్ళు నడుం వంచి చెవి దగ్గర పెట్టాల్సి వచ్చేది. టీ ఇచ్చే మనిషి పనిలో చేరిన మొదటి రోజున ఆమె కప్పులో చక్కెర వెయ్యడం మరిచిపోయాడు. ఆమె అడగలేదు. అప్పటినుంచీ చక్కెర లేని టీయే తాగుతోంది. మెల్లమ్మకు తీపి పడదని కంపెనీ అంతా నమ్మింది. ఆరోగ్యం మీద ఆమెకున్న శ్రద్ధ చూసి ఒకరిద్దరు తామూ చక్కెర మానేశారు.

అదే మెల్లమ్మ చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుందంటే వేరే మనిషి. "నమస్కారమండీ, చెప్పండి" అనేసరికే అవతలివాళ్ళ కోపం సగం దిగిపోయేది. ఒకసారి పరుపులో స్ప్రింగు పైకి లేచి వీపంతా గీరుకుపోయిందని ఒకాయన తిట్టడానికే ఫోన్ చేశాడు. మూడు నిమిషాలు ఆమెతో మాట్లాడాక వీపు సంగతి మరిచిపోయి, అత్తగారింటికి ఇంకో రెండు పరుపులు పంపమన్నాడు. ఏ రకం పంపమంటారని అడిగితే కాసేపు ఆలోచించి, అదే రకం అన్నాడు.

ఆ ఉద్యోగం వచ్చిన తీరూ అలాంటిదే. నాన్న పోయాక తొమ్మిదో తరగతిలో ఆమె చదువు ఆగిపోయింది. అక్కాబావల ఇంట్లో ఉంటూ, బావ బలవంతం మీద ఈ కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. అప్పటి మేనేజరు ఏడు ప్రశ్నలడిగితే ఏడింటికీ బల్ల కాళ్ళ వైపు చూస్తూ ఊరుకుంది. మూగమ్మాయిని టెలిఫోన్ పనికి ఎందుకు పంపారా అని ఆయన విస్తుపోయి పంపేశాడు. మర్నాడు ఆమె అక్కడ మరిచిపోయిన గొడుగు కోసం ఫోన్ చేసింది.

"ఎవరమ్మా నువ్వు? ఇలాంటి గొంతు కోసమే నెలరోజులుగా వెతుకుతున్నాం. ఎక్కడున్నావు ఇన్నాళ్ళూ?" అన్నాడాయన.

"నిన్న మీ ఎదురుగానే కూర్చున్నానండీ" అంది ఆమె.

అలా వచ్చి పద్నాలుగేళ్ళు. ఎవరితో మాట్లాడినా చూపు నేల మీదే కాబట్టి ఆఫీసులోని ముప్పై రెండు ముఖాలు ఆమెకు సరిగ్గా తెలియవు. ముప్పై రెండు జతల చెప్పులు మాత్రం క్షుణ్ణంగా తెలుసు. కిర్రు కిర్రుమనే చెప్పులు అకౌంటెంటువి. ముందు మొన తేలిన నల్ల బూట్లు సేల్స్ ఆయనవి. దూది పీచులు అంటుకున్న రబ్బరు చెప్పులు కుట్టు మిషన్ల దగ్గర పెద్దరికం చేసే అత్తవి. ఆమె ఎవరికీ అత్త కాదు, అందరికీ అత్త. గోధుమ రంగు బూట్లు, కుడిదానికి తాడు తెగిపోతే పరుపులు కుట్టే తెల్ల దారం నాలుగు పేటలు వేసి కట్టుకున్నవి, ఇప్పటి మేనేజరు గారివి. కొత్త తాడు కొంటే అది దుబారా అని ఆయన ఉద్దేశం.

ఒక శుక్రవారం ఉదయం ఆ గోధుమ రంగు బూట్లు బోర్డు ముందుకొచ్చి ఆగాయి.

"ఇది చూడు మెల్లమ్మా" అని మేనేజరు టెలిఫోన్ బిల్లు బల్ల మీద పరిచాడు. "నాలుగు నెలల్లో రెండింతలైంది. ఎవరో మన ఫోన్ని అత్తారిచ్చిన ఆస్తిలా వాడేసుకుంటున్నారు. ఈ నంబరు చూడు. ఇదే నంబరు. మళ్ళీ ఇదే. కిందంతా ఇదే. పరాయి ఊరు నంబరు, ఏ కస్టమరుదీ కాదు. ఎవరిది?"

ఆమె పెదవులు కదిలాయి. మేనేజరు నడుం వంచాడు.

"తెలీదు సార్."

"తెలీదంటే ఎలా? బోర్డు నీది. ఇక్కడ ఈగ వాలినా నీకు దీపం వెలుగుతుంది." ఆయన బిల్లు మడిచాడు. "వచ్చే సోమవారం కాక, పై సోమవారం మధ్యాహ్నం మిషన్ మనిషి వస్తున్నాడు. ఆ మిషన్ ఫోనెత్తి తనే మాట్లాడుతుందట. సేల్స్ కావాలంటే ఒకటి నొక్కండి, అకౌంట్స్ కావాలంటే రెండు నొక్కండి, అంటూ. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో సాయంత్రానికి పేర్లతో సహా గోడకి అంటించుకునేలా అచ్చేసి ఇస్తుందట. ఈలోగా నువ్వు దొంగని పట్టుకున్నావనుకో, మనకి ఆ మిషన్ ఎందుకు? పట్టుకోలేకపోయావనుకో..."

ఆయన మంచివాడు కాబట్టి ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. బూట్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. ప్రపంచంలో మెల్లమ్మ నోరు విప్పగలిగిన చోటు ఈ బోర్డు ఒక్కటే. ఇది పోతే ఇంకో కంపెనీలో చేరాలి, అంటే మళ్ళీ ఎవరి ఎదురుగానో కూర్చుని ఏడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

మేనేజరు మాత్రం ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే బజారుకు పోయి సొంత డబ్బుతో పన్నెండు గాజు ఇసుక గడియారాలు తెచ్చాడు. ఫోను ఎత్తగానే తిరగెయ్యాలి, ఇసుక అయిపోగానే పెట్టెయ్యాలి, మూడు నిమిషాలు. అకౌంటెంటు ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించి, బాకీ తీర్చడానికి చెక్కు ఏ రోజు పంపుతున్నాడో చెప్పబోతున్న దుకాణదారుని ఆ రోజు పేరు దగ్గరే కోసేశాడు. సేల్స్ ఆయన తన గడియారాన్ని అడ్డంగా పడుకోబెట్టి గంటన్నర మాట్లాడాడు. అడిగితే, ఇసుక ఇంకా అవలేదు కదా సార్ అన్నాడు.

బోర్డు కింద చిన్న అచ్చు పెట్టె ఒకటి ఉండేది. బయటికి వెళ్ళిన ప్రతి కాల్‌కీ అది టకటకమని ఒక వరుస కొట్టేది: వేళ, ఏ గది ఫోను, ఏ నంబరుకు, ఎన్ని నిమిషాలు. కాగితం చుట్ట అయిపోతే మార్చడం మెల్లమ్మ పని. చదవడం ఎవరి పనో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ చదవలేదు. పారెయ్యమనీ చెప్పలేదు కాబట్టి ఆమె వాటిని చిరిగిన దిండు గలీబులో కుక్కి దాచింది. సాయంత్రం ఆ గలీబును చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

ఇల్లంటే మేడ మీద రెండు గదులు. కింద బావ గడియారాల రిపేరు కొట్టు. అక్కా, బావా, మెల్లమ్మా కొట్టు కట్టేశాక కింద చాప పరిచి ఆ కాగితాల మీద పడ్డారు.

"మరదలా, దొంగంటే వాడికో పద్ధతి ఉండదు" అన్నాడు బావ, కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే. "ఒకరోజు పొద్దున్న, ఒకరోజు సాయంత్రం. అలా మనల్ని తికమక పెడతాడు."

"బావా, రోజూ ఒంటిగంటా పన్నెండుకే ఉంది" అంది మెల్లమ్మ. ఇంట్లో ఆమె గొంతు కాస్త వినబడుతుంది. "రోజూ అదే నంబరు. రోజూ ముప్పై ఎనిమిది నిమిషాలు, ముప్పై తొమ్మిది నిమిషాలు. గది ఇరవై ఏడు."

"చూశావా, చెప్పానా" అన్నాడు బావ. "పద్ధతిగా చేస్తున్నాడు. గడియారం లాంటి మనిషి."

"ఇప్పుడే కదా పద్ధతి ఉండదన్నావు" అంది అక్క.

"అది మామూలు దొంగకి. వీడు ముదురు."

ఇరవై ఏడు అంటే శాంపిల్ గది. గోడౌను వెనక వసారా చివర ఉంటుంది. అందులో అయిదు పరుపులు వరుసగా వేసి ఉంటాయి, వచ్చినవాళ్ళు పడుకుని చూసుకోవడానికి. చెప్పులు బయట విడవాలని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గదిలోని ఫోనుకు నేరుగా బయటి లైను ఇచ్చింది కూడా కొనేవాళ్ళ కోసమే. భర్త పరుపు మీద పడుకుని ఇంటికి ఫోన్ చేసి, మెత్తగానే ఉంది, తీసుకోమంటావా అని అడగాలి కదా. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనాల వేళ. ఆ గంట గది ఖాళీ. అందరూ పెరటి వైపు భోజనాల గదిలో ఉంటారు. బోర్డు వదలడానికి వీల్లేక మెల్లమ్మ ఒక్కతే ముందు గదిలో తన డబ్బా విప్పుకుంటుంది.

"ముందు ఆ నంబరు ఎవరిదో చూద్దాం" అని బావ కొట్టులో ఫోను లాక్కున్నాడు. నంబరు తిప్పి, చెవికి ఆనించుకుని, చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. అప్పటికే అందరూ ఊరుకుని ఉన్నారు.

"ఏమంటున్నారు?" అంది అక్క.

"ఎవరో అమ్మాయి. మీ కాల్ మాకెంతో విలువైనది అంటోంది. నా కాల్ విలువైనదని ఇంతవరకూ ఎవరూ అనలేదు." బావ మొహం వెలిగింది. "నేను వరుసలో పదకొండోవాడినట."

"ఏ వరుసలో?"

"మిక్సీలు బాగుచేసే వరుసలో. మిక్సీల కంపెనీ ఇది. ఆగు, పాట వేస్తున్నారు."

అక్క ముక్కున వేలేసుకుంది. "రోజూ ముప్పై ఎనిమిది నిమిషాలు మిక్సీ కంపెనీతో ఏం మాట్లాడతారే? మిక్సీలో ఏముందని మాట్లాడ్డానికి? తిరుగుతుంది, ఆగుతుంది. అంతేగా."

"మాట సాకు. అసలు సంగతి వేరే ఉంటుంది" అన్నాడు బావ. "పరుపుల రహస్యాలు అమ్ముకుంటున్నాడేమో. దూది ఎంత, పీచు ఎంత..." అంటూ గోడకు ఆనుకున్నాడు. తర్వాత మాట రాలేదు. వేణువూ వీణా కలిసి ఎక్కడో దూరంగా నడుస్తున్నట్టు సన్నగా పాట రిసీవరులోంచి వినబడుతోంది. మెల్లమ్మ కాగితాలు చుట్టుకుంటుంటే ఆమెకూ ఒక ఆవలింత వచ్చింది. తలెత్తి చూసేసరికి బావ నిలబడే నిద్రపోతున్నాడు, రిసీవరు బుగ్గ కింద దిండులా పెట్టుకుని, భూతద్దంలోంచి మూసుకున్న రెప్ప పెద్దదిగా కనబడుతూ.

అక్క గరిటె తెచ్చి డొక్కలో పొడిచింది. బావ ఉలిక్కిపడి, "నేను పదకొండోవాణ్ణి" అన్నాడు.

మెల్లమ్మకు అప్పుడే ఒక అనుమానం పుట్టింది. కానీ అనుమానాన్ని తేల్చుకోవాలంటే ఒక పాడుపని చెయ్యాలి.

బోర్డు మీద ఎర్ర మీట ఒకటి ఉంది. అది నొక్కితే ఎవరు ఏం మాట్లాడుకుంటున్నా ఆపరేటరుకు వినబడుతుంది. లైను బాగుచేసేటప్పుడు తప్ప దాన్ని ముట్టుకోకూడదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ఆమె దానిమీద దెబ్బలకు వేసే పట్టీ అంటించింది. ఏళ్ళ తరబడి ఆ పట్టీ తియ్యలేదు. పాతదైతే దానిమీదే ఇంకొకటి వేసేది. ఇప్పుడది మీటలా లేదు, గట్టి దెబ్బ తగిలిన వేలులా ఉంది.

మంగళవారం ఒంటిగంటా పన్నెండుకు ఇరవై ఏడో దీపం వెలిగింది. మెల్లమ్మ డబ్బా మూతపెట్టి, గోటితో పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసింది. ఏడున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరికో తెలియకపోయినా క్షమాపణ చెప్పుకుని, మీట నొక్కింది.

పాట. వేణువు, వీణ. దానివెనక ఇంకో చప్పుడు. ముందు సన్నగా ఈల. ఆ ఈల పైకి పోయి, పైన కాసేపు ఆగి, ఇక కిందికి రాదేమో అని వినేవాళ్ళకు భయం వేసే వేళకు బస్తా ఈడ్చినట్టు గరగరమని దిగింది. మళ్ళీ ఈల. మధ్యలో అమ్మాయి గొంతు, మీరు వరుసలో ఆరోవారు అంది. గురక దానికి ఒప్పుకున్నట్టు ఒక నిట్టూర్పు విడిచింది.

గొంతులు గుర్తుపట్టడంలో మెల్లమ్మకు సాటి లేరు. ఎవరు దగ్గినా చెప్పేస్తుంది. గురకలు మాత్రం ఆమెకు పరిచయం లేవు. బోర్డు వదిలి వెళ్ళి చూడ్డానికీ వీల్లేదు. అదే సమయానికి కుట్టు అత్త భోజనం ముగించి, పళ్ళ సందున పుల్ల పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"అత్తా, శాంపిల్ గది దగ్గర ఎవరున్నారో చూసొస్తావా?"

అత్త నడుం వంచి ఆ మాట రెండోసారి చెప్పించుకుంది. వెళ్ళి, తాపీగా తిరిగొచ్చింది.

"లోపల గడియ వేసుంది. ఎవడో హాయిగా గుర్రు కొడుతున్నాడు. వాడి నిద్ర తగలెయ్య, నాకూ పడుకోవాలనిపించింది."

"ఎవరో తెలీలేదా?"

"గురక మీద పేరు రాసుంటుందా ఏంటే? గుమ్మం ముందు బూట్లున్నాయి."

"ఎలాంటి బూట్లు?"

"గోధుమ రంగువి. ఒకదానికి మన కుట్టు దారం కట్టాడు దొంగ సచ్చినోడు. నాలుగు పేటలు. నా రీలు ఎందుకు తరుగుతోందా అనుకుంటున్నా ఇన్నాళ్ళూ."

అత్తకు బూట్ల మీద చూపు ఆనదు, దారం మీదే ఆనుతుంది. అందుకని ఆమెకింకా తెలియలేదు. మెల్లమ్మ ఇంటినుంచి తిరిగి తెచ్చుకున్న కాగితాల్లో మళ్ళీ వెతికింది. కిందటి నెలలో మూడు రోజులు ఇరవై ఏడు లేదు. మేనేజరు క్యాంపుకు పోయిన మూడు రోజులూ అవే.

దొంగను పట్టుకోమని చెప్పినవాడే దొంగ. పైగా ఆ మాట ఆయనకే తెలియదు. తెలిసి చేసేవాడైతే బజారుకు పోయి సొంత డబ్బుతో పన్నెండు ఇసుక గడియారాలు కొంటాడా?

బుధవారం ఉదయం ఆమె మేనేజరు గదికి వెళ్ళింది. చెప్పాల్సిన మాటలు దారి పొడవునా వల్లె వేసుకుంది. ఆయన తలెత్తి, "ఏంటి మెల్లమ్మా" అన్నాడు.

"కాగితం చుట్ట అయిపోయింది సార్."

ఆయన ఒక చుట్ట ఇచ్చాడు. గురువారం మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ చుట్టే అడిగింది. "నిన్ననే కదా ఇచ్చాను. ఆ దొంగవెధవ ఎంత వాడేస్తున్నాడో చూడు" అని పళ్ళు నూరి ఇంకొకటి ఇచ్చాడు. శుక్రవారం వెళ్ళి నీళ్ళు నములుతూ నిలబడితే, ఒంట్లో బాగాలేదనుకుని సగం రోజు సెలవిచ్చి ఇంటికి పంపేశాడు.

"ఒక ఉత్తరం రాసి బల్ల మీద పడెయ్, మరదలా" అన్నాడు బావ. "పేరు పెట్టకు. ఇట్లు, మీ శ్రేయోభిలాషి అని పెట్టు."

"దాని రాత ఆఫీసులో ఎవరికి తెలీదు? పేరు లేకపోతే మాత్రం దాగుతుందా?" అంది అక్క. మెల్లమ్మ వైపు తిరిగి, "ఎదురుగా చెప్పలేవని తెలిసీ రోజూ ఎదురుగా పోయి నిలబడతావేంటే? నీకు నోరున్న చోట చెప్పుకో" అంది.

సోమవారం వచ్చింది. రెండున్నరకు మిషన్ మనిషి వస్తాడు. ఒంటిగంటా పన్నెండుకు దీపం వెలిగింది. మెల్లమ్మ ఇరవై నిమిషాలు ఆగింది, కాసేపైనా నిద్రపోనివ్వకుండా లేపడానికి మనసొప్పక. తర్వాత హెడ్‌సెట్ సర్దుకుని, మిక్సీల కంపెనీ లైను కోసేసి, ఆ చోట తన లైను కలిపింది.

పాట ఆగిపోయింది. ఊపుతున్న ఉయ్యాల ఆగితే పసిపిల్లలు కదిలినట్టు గురక రెండుసార్లు తడబడి ఆగింది.

"నమస్కారమండీ" అంది మెల్లమ్మ. ఆ తర్వాతి మాట అలవాటుకొద్దీ తనంతట తనే వచ్చేసింది. "మీకు ఏ విధంగా సహాయపడగలను?"

అవతల ఏదో దొర్లిన చప్పుడు. "అమ్మా," అన్నాడు మేనేజరు నిద్ర గొంతుతో, "ఎత్తారా? నిజంగానే ఎత్తారా? నాలుగు నెలలైంది."

"మీ సమస్య చెప్పండి సార్."

"సమస్యంటే..." ఆయన తడుముకున్నాడు. "మొదట్లో ఉండేదమ్మా. బ్లేడు తిరిగేది కాదు. ఇప్పుడు ఆ మిక్సీయే లేదు. మా ఆవిడ విసిగిపోయి ఇంకోటి కొనేసుకుంది."

"మరి రోజూ చేస్తున్నారు కదండీ?"

"మీ పాట బాగుంటుందమ్మా. మొదటిరోజు మీకోసం ఎదురుచూస్తూ చూస్తూ నిద్రపోయాను. ఏడాది తర్వాత పట్టిన మొదటి నిద్ర అది. నంబరు కూడా నాకు గుర్తులేదు, మొదటిరోజే ఫోనులో ఒక మీటకి ఎక్కించుకున్నాను, అది నొక్కితే అదే పోతుంది. పరుపుల కంపెనీ మేనేజరుకి నిద్ర పట్టదంటే ఎవరితో చెప్పుకోను చెప్పండి. మా కంపెనీ మాటేంటంటే, పడుకోగానే నిద్ర."

మెల్లమ్మకు ఆయన మీద జాలి వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"దానివల్ల నష్టం కదండీ."

"నష్టమేముంది? నేను ఒక్క ముక్క మాట్లాడను. కాల్ అంటే మాట్లాడితే కదా. ఊరికే పక్కన పెట్టుకుని పడుకుంటాను."

"మాట్లాడకపోయినా నిమిషాలు పడుతూనే ఉంటాయి సార్."

"మాట్లాడకపోయినా?"

"గురక పెట్టినా సార్."

"నేను గురక పెడతానని మిక్సీల కంపెనీకి ఎలా తెలుసు?"

"ఇది మిక్సీల కంపెనీ కాదు సార్. బోర్డు."

స్ప్రింగులు ఒక్కసారిగా మూలిగాయి. ఆయన లేచి కూర్చున్నాడని మెల్లమ్మకు తెలిసింది.

"మెల్లమ్మా?"

"అవును సార్."

"నీ గొంతు ఇంత బాగుంటుందా?" అన్నాడు ముందు. తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. "అయితే ఆ దొంగ దొరికాడా?"

"ఇరవై ఏడు సార్."

"ఇరవై ఏడులో ఇప్పుడు నేనున్నాను."

"అవును సార్."

"నిన్నా... మొన్న శనివారం కూడా నేనే ఉన్నాను."

"అవును సార్."

"రోజూ నేనే ఉంటాను" అన్నాడాయన, ఎవరో చెబితే వింటున్నట్టుగా. "అంటే ఆ గడియారాలన్నీ నా మీదే కొన్నానా?"

మెల్లమ్మ అవుననలేదు. ఆ ఒక్కదానికి మొహమాటం అడ్డం వచ్చింది.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"మా అక్కకీ బావకీ సార్. వాళ్ళు ఎవరితోనూ అనరు. అత్తకి సగం తెలుసు, దారం సగం." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఆ మిషనైతే సాయంత్రానికి పేరుతో సహా అచ్చేసి ఇచ్చేది సార్. గోడకి అంటించుకునేలా."

"వద్దు, ఆ మిషన్ వద్దు" అన్నాడాయన గబగబా.

"ఇంకో మాట సార్. పాటే కావాలంటే, లైన్లో ఆగేవాళ్ళకి వినిపించేది మన బోర్డులోనే ఉంది. బయటికి పోనక్కర్లేదు, నిమిషాలు పడవు. మీరు ఇరవై ఏడు ఎత్తగానే నేను కలుపుతాను. రెండుకి అయిదు నిమిషాలుండగా లేపుతాను." ఆమె మీట నొక్కి వినిపించింది. కంపెనీ పాట మూడు స్వరాలది. బొమ్మ రైలు మలుపు తిరుగుతున్నట్టు ఉంటుంది.

మేనేజరు శ్రద్ధగా విన్నాడు. "ఇది కొంచెం హుషారుగా ఉందే."

"అలవాటు పడతారు సార్."

రెండుంబావుకు ఆయన బయటికొచ్చాడు. ఎడమ బుగ్గ మీద పరుపు బొత్తాములు నాలుగు గుండ్రంగా అచ్చుపడి ఉన్నాయని అందరూ చూశారు, మెల్లమ్మ తప్ప. దొంగ దొరికాడనీ, మంచి కుటుంబం కాబట్టి పేరు చెప్పదలుచుకోలేదనీ, ఆ నాలుగు నెలల మిక్సీ కాల్స్ తన జీతంలోంచి కోసెయ్యమనీ అకౌంటెంటుతో అన్నాడు. ఎవడో చేసిన తప్పుకు ఈయన కట్టడమేమిటని అకౌంటెంటుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇలాంటి మేనేజరు దొరకడం అదృష్టమని సేల్స్ ఆయనతో చెప్పాడు. సేల్స్ ఆయన ఇసుక గడియారాన్ని నిలబెట్టుకున్నాడు, రెండు రోజులు.

రెండున్నరకు సరిగ్గా మిషన్ మనిషి వచ్చి, అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని ముందు గదిలో కూర్చున్నాడు. మేనేజరు తలుపు సందులోంచి చూసి, పిల్లిలా బోర్డు వెనకగా వచ్చాడు.

"మెల్లమ్మా, నువ్వే చెప్పి పంపెయ్. వారం నుంచీ రమ్మని రమ్మని చంపింది నేనే. ఇప్పుడు వద్దంటే నాకు మొహం చెల్లదు" అని గుసగుసగా చెప్పి, గోడౌను వైపు మాయమయ్యాడు.

మెల్లమ్మ ఆ మనిషి వైపు చూసింది. అంటే ఆయన కాళ్ళ వైపు. కొత్త బూట్లు, ఒకదాని అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు. లేచి వెళ్ళి చెప్పడానికి పది అడుగులు. ఆమె లేవలేదు. ఆయన పక్కన స్టూలు మీద వచ్చేపోయేవాళ్ళ కోసం పెట్టిన ఫోను ఉంది. దాన్ని మోగించింది.

ఆయన దాన్ని చూశాడు, గదంతా చూశాడు. ఇంకెవరూ లేకపోయేసరికి ఎత్తాడు.

"నమస్కారమండీ" అంది మెల్లమ్మ. "శ్రమపడి వచ్చారు. మీ మిషన్ మాకు అవసరం లేదని చెప్పమన్నారండీ."

ఆయన రిసీవరు చెవి దగ్గరే ఉంచుకుని మెడ సాచి చూశాడు. "మేడం, మీరు అక్కడే ఉన్నారు కదా?"

"ఉన్నానండీ."

"నేనూ ఇక్కడే ఉన్నాను."

"చెప్పండి, వింటున్నాను."

ఆయన ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసి, ఇక లాభం లేదని ఫోనులోనే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మిషన్‌కు జీతం అక్కర్లేదన్నాడు, జలుబు చెయ్యదన్నాడు, భోజనానికి లేవదన్నాడు. నేనూ లేవనండీ, ఇక్కడే తింటాను, అంది మెల్లమ్మ.

"మేడం, ఒకటి అడగనా? మీ గొంతు మాకు ఇవ్వండి. ఒక్క పూట మాట్లాడి రికార్డు చేస్తే చాలు. మా మిషన్లున్న యాభై కంపెనీల్లోనూ మీరే మాట్లాడతారు."

"ఆ యాభై కంపెనీల్లో బోర్డుల దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటారా అండీ?"

"ఇప్పటికైతే ఉన్నారు" అన్నాడాయన.

యాభై బోర్డులు, యాభై కుర్చీలు మెల్లమ్మ కళ్ళ ముందు వరుసగా నిలిచాయి. వాటిలో కూర్చున్నవాళ్ళు ఎలాంటి చెప్పులు వేసుకుంటారో అనుకుంది. ఇంతలో బోర్డు మీద నాలుగు దీపాలు ఒకేసారి వెలిగాయి.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్. మీ కాల్ మాకెంతో విలువైనది" అని ఆయనకు బొమ్మ రైలు పాట కలిపింది.

ఆయన పెట్టెయ్యలేదు. యాభై కంపెనీల ఆశ అలాంటిది. మూడున్నర ప్రాంతంలో కుట్టు అత్త కొత్త రీలు కోసం అటుగా వచ్చి, అట్టపెట్టె మీద గడ్డం ఆనించుకుని, రిసీవరు చెవికి పెట్టుకుని, కాలు మెల్లగా ఆడిస్తున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"ఎవరే ఈయన? ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"వరుసలో ఉన్నాడత్తా" అని మెల్లమ్మ ఇంకో కాల్ అందుకుంది.